నాలుగో అంతస్తు లేకపోతే బాలే ఎవరు చూస్తారు?

బాలే చూడటానికి కళ్లు అక్కర్లేదు. నాలుగో అంతస్తులో ఒక సీటు ఉంటే చాలు.

ఈ మాట ఊరికే అనడం లేదు. మా స్తారోకామ్స్క్ థియేటర్‌లో ఆరేళ్లుగా నాలుగో అంతస్తు నా బాధ్యత. టికెట్ చూసి సీటు చూపిస్తాను. ప్రోగ్రాం పుస్తకాలు అమ్ముతాను. అభిమానులు ఇచ్చే పూలగుత్తులు తెర వెనక్కి మోస్తాను. ఇన్నేళ్లలో వేదిక వైపు తిరిగి చూడాల్సిన అవసరం నాకు దాదాపుగా రాలేదు. అక్కడ ఏం జరుగుతోందో, ఏం జరిగి ఉండాల్సిందో, నలభై ఏళ్ల కిందట అదే ఎంత గొప్పగా జరిగిందో అన్నీ నా చెవి పక్కనే వినిపిస్తుంటాయి.

కింది హాల్లో కూర్చునేవాళ్లు కొందరు ఫిర్యాదులు రాస్తుంటారు. పైన ఆ ముసలివాళ్లు నోరు మూయరని, సంగీతం వినపడదని. వాళ్లను చూస్తే నాకు జాలి. హాకీ మ్యాచ్‌కు వ్యాఖ్యానం కావాలి, బాలేకు మాత్రం వద్దా? హాకీలో అయితే బంతి ఎటు పోయిందో మనకే తెలుస్తుంది. బాలేలో మోచెయ్యి ఎటు పోయిందో ఎవరు చెప్పాలి?

రిమ్మా ల్వోవ్నా చెబుతారు. ముప్పై ఐదేళ్లు బడిలో జ్యామితి చెప్పి రిటైరైన మనిషి. మొదటి వరస, మధ్య సీటు ఆవిడది. టికెట్ మీద వేరే నంబరు ఉన్నా ఆవిడ సీటు అదే. వేదిక మీద కాలు లేచిందంటే అది ఎన్ని డిగ్రీలో ఆవిడ నోట వస్తుంది. "తొంభై ఎనిమిది" అంటారు. ఆ గొంతులో, తొంభై ఎనిమిది మార్కులు వచ్చిన పిల్లను కాదు, దొంగతనం చేసిన పిల్లను చూసిన బాధ ఉంటుంది.

ఆవిడ పక్కన వెనియమీన్ పెత్రోవిచ్. ట్రామ్ డిపోలో పనిచేసి రిటైరయ్యారు. ట్రామ్‌లు ఇప్పుడు సమయానికి రాకపోయినా ఆయన స్టాప్‌వాచ్ మాత్రం నడుస్తూనే ఉంది. నాయిక ఒంటికాలి మీద గిరగిరా ముప్పై రెండు చుట్లు తిరగాల్సిన ఘట్టం వస్తే పైకే లెక్కపెడతారు. "ముప్పై, ముప్పై ఒకటి... ఆగిపోయింది. ఒకటి మింగేసింది చూశారా?" అంటారు. ఆ ముప్పై ఒక్క చుట్లు ఎలా ఉన్నాయని ఎవరూ అడగరు. అది లెక్కలో రాదు.

మూడో మనిషి స్నెజానా. పళ్ల డాక్టరు దగ్గర ఫోనెత్తే ఉద్యోగం. "నాలుగో అంతస్తు" అని ఫోన్‌లో ఒక ఛానెల్ నడుపుతుంది. నాలుగు వేలమంది చదువుతారు. రెండో అంకం ఎలా జరిగిందో మొదటి విరామంలోనే రాసి పెట్టేస్తుంది. ఎంత సమయం మిగులుతుందో ఆలోచించండి! రెండో అంకం జరుగుతుండగా ఆమె వచ్చే వారం ప్రదర్శన గురించి రాసుకుంటుంది.

ఇక పాత్రలు ఎవరికి ఇచ్చారన్న విషయం. గురువారం సాయంత్రం నటీనటుల తలుపు దగ్గర జాబితా అంటిస్తారు. మామూలు ఊళ్లలో అయితే జనం అది చదివి ఇంటికి పోతారు. మా దగ్గర అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఫలానా అమ్మాయికి నాయిక పాత్ర ఎందుకిచ్చారు? నాయకుడు పొట్టి కాబట్టి. ఫలానా అమ్మాయికి ఎందుకివ్వలేదు? ఆమెకు ఏడో నెల కాబట్టి. ఆ సంగతి అప్పటికి ఆ అమ్మాయికి కూడా తెలియదు, పెళ్లే కాలేదు పాపం. ఒకసారి పైకి కొత్తగా వచ్చిన ఒకాయన, "బాగా చేస్తుంది కాబట్టి ఇచ్చారేమో" అన్నాడు. అందరూ ఆయన్ని ఎంతో మర్యాదగా చూశారు. మళ్లీ ఆయన నాలుగో అంతస్తు ఎక్కలేదు.

వాళ్లు మెచ్చుకోరని మాత్రం అనకండి. మెచ్చుకుంటారు. చనిపోయిన వాళ్లలో బాగా చేయని వాళ్లు ఒక్కరు కూడా లేరు. బతికున్న వాళ్లలో ఎలియొనోరా వెర్షినినా ఒక్కతే పరవాలేదు. ఆమె మా థియేటర్‌లో మొదటి నాయిక, ఊళ్లో గోడలన్నిటి మీదా ఆమె మొహమే.

మెచ్చుకోలు, తిట్టు రెండింటికీ రిమ్మా ల్వోవ్నా మాటలు వాడరు, పూలు పంపుతారు. బతికున్న మనిషికి బేసి సంఖ్యలో పూలిస్తాం, సమాధి మీద సరి సంఖ్యలో పెడతాం. ఇది ఇక్కడ పాలుతాగే పిల్లకైనా తెలుసు. ఆవిడ ఇంట్లో ఊలు అల్లగా మిగిలిన నీలం దారంతో తెల్ల కార్నేషన్లు కట్టి పంపుతారు. నచ్చితే ఏడు. నచ్చకపోతే ఆరు.

తాయిసియా జుబారెవాకు మొదటి ఏడాదిలోనే ఆరు వచ్చాయి.

తాయిసియా కామా నది అవతల పల్లె నుంచి వచ్చిన పిల్ల. హంసల బాలేలో గుంపు నాట్యం, నాలుగో వరస, చివరి హంస. ఆ సాయంత్రం కాలు జారి, ఒక్క క్షణం తూలి, సర్దుకుంది. అంతే. పై నుంచి తీర్పు వచ్చేసింది: "అవి నాట్యం చేసే చేతులు కావు. బంగాళాదుంపలు తవ్వే చేతులు." స్నెజానా ఆ మాట ఛానెల్‌లో పెట్టింది. నీలం దారం కట్టిన గుత్తి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆ పిల్ల మొదట సంతోషపడి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత లెక్కపెట్టింది.

మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఆ చేతులు ఏం నేర్చుకున్నాయో మళ్లీ చూడాల్సిన శ్రమ ఎవరికీ లేకుండా పోయింది. తీర్పు గట్టిదైతే వచ్చే సుఖమే అది.

ఇందులో ఒక్క చిక్కుంది. మా బాలే విభాగం పెద్ద గ్లెబ్ ఒలెగోవిచ్ కూడా ఆ ఛానెల్ చదువుతారు. ఈ ఏడాది జనవరిలో తాయిసియా పూల బల్ల దగ్గర నిలబడి చెప్పింది.

"వేసవి వరకే నా కాంట్రాక్టు, అక్కా. పొడిగించమని అడిగితే ఆయన ఏమన్నారో తెలుసా? నాకేం అభ్యంతరం లేదమ్మా, పైవాళ్లు ఒప్పుకోవాలి కదా అన్నారు."

"పైవాళ్లంటే? మంత్రిత్వ శాఖా?"

"ఛ, కాదు. మీ అంతస్తు."

"ఒప్పుకోకపోతే ఏం చేస్తావు?"

"ఏముంది, ఊరెళ్లి బంగాళాదుంపలు తవ్వుతా. చేతులు రెడీగానే ఉన్నాయిగా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మార్చిలో మా థియేటర్‌లో "పడవవాడి కూతురు" వేశారు. ఏరు దాటించే పడవవాడి కూతురు, పెళ్లి చేసుకుంటానన్నవాడు మోసం చేస్తే మొదటి అంకం చివర ఏట్లో మునిగిపోతుంది. రెండో అంకంలో నీటి ఆత్మగా లేస్తుంది. నాయిక వెర్షినినా. ప్రదర్శన ఏడింటికి. నాలుగింటికి ఆమెకు ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆ పాత్ర మొత్తం వచ్చిన మనిషి థియేటర్‌లో ఇంకొక్కరే ఉన్నారు. గుంపులో నిలబడి, మూడేళ్లుగా ప్రతి రిహార్సల్‌లోనూ వెనకనుంచి నేర్చుకున్న తాయిసియా.

ఇలాంటప్పుడు ప్రోగ్రాం పుస్తకంలో చిన్న తెల్ల చీటీ పెడతారు: ఈ రోజు ఫలానా వారికి బదులు ఫలానా వారు. చీటీలు మొదట కింది హాలుకు, తర్వాత ఒక్కో అంతస్తుకు వస్తాయి. మూడో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి ప్రింటర్‌లో ఇంకు అయిపోయింది. నాలుగో అంతస్తుకు ఒక్క చీటీ కూడా రాలేదు.

మైకులో చెప్పలేదా అంటారేమో. చెప్పారు. నేను విన్నాను. అదే సమయంలో నాలుగో అంతస్తు, బిడ్డ పుట్టాక వెర్షినినా వీపు పాడైందా లేదా అన్న విషయం తేలుస్తోంది. అందులో మైకుకు చోటేది?

నేను రిమ్మా ల్వోవ్నా దగ్గరికి వెళ్లాను. "ఒక మార్పు ఉందండీ, ఈ రోజు..."

"అమ్మాయీ, తర్వాత చెబుదువుగాని. లైట్లు ఆర్పుతున్నారు, కాస్త పక్కకు జరుగు."

జరిగాను. చెప్పినట్టు వినడం నా ఉద్యోగంలో భాగం.

మరి బైనాక్యులర్స్ ఉన్నాయి కదా, మొహం కనపడలేదా? అమాయకమైన ప్రశ్న. నాలుగో అంతస్తు బైనాక్యులర్స్‌తో పాదాలు, మోచేతులు చూస్తుంది. మొహం చూసేది టికెట్ దొరక్క పొరపాటున పైకొచ్చినవాళ్లు. వెనియమీన్ పెత్రోవిచ్ స్టాప్‌వాచ్ చూస్తారు. స్నెజానా ఫోన్ చూస్తుంది. వేదికను చూడటానికి పాపం తీరికెక్కడ?

పడవవాడి కూతురు వచ్చింది. తెడ్డు భుజాన వేసుకుని, ఒడ్డున ఎవరి కోసమో మెడ చాచి చూసింది.

"ఆ మోచెయ్యి చూశారా?" అన్నారు రిమ్మా ల్వోవ్నా మెల్లగా. "అది నేర్పితే వచ్చేది కాదు. పుట్టుకతో రావాలి."

"కాలు నూట పన్నెండు డిగ్రీలు లేచిందా?" అన్నారు వెనియమీన్ పెత్రోవిచ్.

"నూట పదిహేను. వెర్షినినా అంటే ఏమనుకున్నారు?"

"ఆ జుబారెవాను తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాలి" అంది స్నెజానా టైపు చేస్తూనే. "చేతులంటే ఎలా ఉంటాయో చూస్తుంది."

"కూర్చోబెట్టినా లాభం లేదమ్మా" అన్నారు వెనియమీన్ పెత్రోవిచ్. "పడవవాడి కూతురంటే మాటలా? రాజవంశంలో పుట్టిన చేతులు కావాలి."

మొదటి అంకం చివర ఆ పిల్ల పెళ్లి ముసుగు విప్పి, ముడతలు పడకుండా నాలుగు మడతలు పెట్టి, ఒడ్డున ఉంచి ఏట్లోకి నడిచింది. ముసుగు మడతపెట్టడం నాట్యంలో లేదు. ఇంతకుముందు ఎవరూ అలా చేయలేదు. మా పల్లెల్లో ఆడవాళ్లు బట్టలు అలాగే మడతపెడతారు. నేను మొదటిసారి వేదిక వైపు తిరిగి చూశాను. నాలుగో అంతస్తులో ఎవరూ డిగ్రీలు చెప్పలేదు. దాదాపు ఒక నిమిషం.

చివర తెర ముందుకు ఆమె వచ్చినప్పుడు కింది హాలంతా "జుబారెవా" అని పిలిచింది. పై నుంచి "వెర్షినినా" అని అరుపులు.

"కిందివాళ్లు చూడండి" అన్నారు వెనియమీన్ పెత్రోవిచ్. "ఎవరు చేస్తున్నారో కూడా తెలియకుండా వచ్చి కూర్చుంటారు."

ఆ పిల్ల తలెత్తి పైకి చూసింది. తనది కాని పేరుకు వంగి నమస్కారం పెట్టింది.

నీలం దారం గుత్తి నా చేతికొచ్చింది. "ఎలియొనోరాకు, నలభై ఏళ్లుగా బాలే చూస్తున్న కళ్ల నుంచి" అని కార్డు. గుత్తుల నుంచి కార్డులు జారిపడటం మామూలే. మెట్ల మీద ఈ కార్డు కూడా జారింది. ఎందుకో మరి నా జేబులోకే జారింది.

తాయిసియా గుత్తి తీసుకుంది. దారం చూడగానే మొహం పాలిపోయింది. ఒక్కొక్క పువ్వూ వేలితో తాకుతూ లెక్కపెట్టింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"ఇవి నాకు కావక్కా. ఏడున్నాయి."

"కార్డు లేదు. తెర ముందు నిలబడింది నువ్వే" అన్నాను.

పొద్దున ఛానెల్‌లో వచ్చింది: "పదేళ్లలో వెర్షినినా చేసిన అత్యుత్తమ ప్రదర్శన. ఆ మోచేతుల గురించి మన మనవళ్లకు చెప్పుకుంటాం." పదింటికి థియేటర్‌వాళ్లు ఫొటోలు పెట్టారు, పేరుతో సహా.

వేరే మనుషులైతే సిగ్గుపడేవారు. నాలుగో అంతస్తు జ్ఞాపకశక్తి అలాంటిది కాదు. మధ్యాహ్నానికల్లా మరమ్మతు మొదలైంది. స్నెజానాకు మొదటినుంచీ ఏదో తేడాగా అనిపించిందట. వెనియమీన్ పెత్రోవిచ్ మళ్లీ లెక్కేసుకుంటే నూట పదిహేను డిగ్రీలు నూట ఏడుకు దిగాయి. రిమ్మా ల్వోవ్నా రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు, "ఎడమ మోచెయ్యి. బరువుగానే ఉందని అప్పుడే అనుకున్నాను" అన్నారు. బంగాళాదుంపలు మళ్లీ మొలిచాయి.

గ్లెబ్ ఒలెగోవిచ్ ఇరుకున పడ్డారు. మెచ్చుకోలు ఉంది, కానీ దాన్ని వెనక్కి తీసుకున్నారు. చివరికి ఒక దారి వెతికారు. ఏప్రిల్‌లో అదే బాలే, ఈసారి జుబారెవా సొంత పేరుతో. పైవాళ్లు ఒప్పుకుంటే కాంట్రాక్టు, నాయిక పాత్రలు. లేకపోతే వేసవిలో సెలవు, ఇక రానక్కర్లేని సెలవు. "కాంట్రాక్టుల మీద సంతకాలు ఆ తర్వాత శుక్రవారం" అని ఆమెతో చెప్పారు.

నాలుగో అంతస్తు వెంటనే స్పందించింది. "ఆ రోజు మేం రావడం లేదు. మాకూ ఆత్మగౌరవం ఉంది" అని ఛానెల్‌లో ప్రకటన.

అన్నమాట ప్రకారం రాలేదు. నా అంతస్తులోని సీట్లు పాడిపరిశ్రమలో పనిచేసే ఆడవాళ్లకు యూనియన్‌వాళ్లు ఇప్పించారు. రెండు బస్సుల్లో వచ్చారు. చప్పట్లు కొట్టకూడని చోట కొట్టారు. మోసగాడు వేదిక మీదికి రాగానే, "వచ్చాడమ్మా దొంగమొహం" అన్నారు. పడవవాడి కూతురు ముసుగు మడతపెడుతుంటే నా పక్కనున్న ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏమ్మా, ఈ పిల్ల బతుకుతుందా?"

"మీరే చూడండి పిన్నీ" అన్నాను.

చూశారు. నాకు బాధేసింది, నిజం. ఒక్కరికైనా డిగ్రీలు చెప్పే దిక్కులేదు. ఎవరికి వాళ్లే చూసుకోవాల్సి వచ్చింది.

విరామంలో పూల బల్ల దగ్గరికి దిగాను. పదకొండు గుత్తులు ఉన్నాయి. ఒక్కదానికీ కార్డు లేదు. ఒకదానికి నీలం ఊలు దారం.

కింది హాల్లోకి తొంగిచూశాను. చివరి వరసలో స్తంభం వెనక, వేదిక సగమే కనిపించే సీట్లో, రిమ్మా ల్వోవ్నా. తలకు రుమాలు కట్టుకున్నారు. బైనాక్యులర్స్ లేవు. కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు, మళ్లీ తుడుచుకుంటున్నారు. నన్ను చూసి, "అమ్మాయీ, నేను ఇక్కడ లేను" అన్నారు.

"సరేనండీ."

ఆవిడకు మూడు వరసల ముందు కోటు కాలరు చెవుల దాకా లేపుకుని వెనియమీన్ పెత్రోవిచ్. స్టాప్‌వాచ్ బయటకు తీయలేదు. పక్క బాల్కనీ మూలన స్నెజానా, ఫోన్ ఆపేసి సంచిలో పెట్టుకుని. అటూ ఇటూ చూస్తే ఇంకా ఎనిమిదిమంది పైవాళ్లు తేలారు. ఎవరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఎప్పుడూ పక్కపక్కనే కూర్చునేవాళ్లు తొలిసారి వేరువేరుగా కూర్చుని వేదికను చూస్తున్నారు.

తాయిసియా ఆ రోజు కూడా నీలం దారం గుత్తిని లెక్కపెట్టింది. ఈసారి రెండోసారి లెక్కపెట్టలేదు. కూర్చుండిపోయింది.

పొద్దున ఛానెల్‌లో వచ్చింది: "మేం చూడలేదు. గొప్పగా లేదని విన్నాం."

శుక్రవారం దగ్గరపడింది. గ్లెబ్ ఒలెగోవిచ్ ఆ మాట చదివి నిట్టూర్చారని అందరూ అనుకున్నారు. తాయిసియా తన పాదరక్షలు, శాలువా సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది.

మా ఉద్యోగ నియమాల్లో ఒకటుంది: గుత్తి నుంచి కార్డు పడిపోతే పూలు మోసే మనిషి దాన్ని వెతికి తిరిగి పెట్టాలి. నేను నియమాలు పాటించే మనిషిని. ఎవరు ఏ పూలు కొంటారో, ఏ కాగితం చుడతారో, ఏ దారం కడతారో ఆరేళ్లుగా మోసిన చేతులకు తెలియదా? మార్చిలో ఒక కార్డు పోయింది. ఏప్రిల్‌లో పదకొండు దొరికాయి. అన్నీ నా చేతిరాతలోనే ఉండటం విచిత్రమే.

గురువారం గ్లెబ్ ఒలెగోవిచ్ పూల బల్ల దగ్గర ఆగారు. తాయిసియా ఇంటికి తీసుకెళ్లకుండా నీళ్లలో పెట్టిన గుత్తులు ఇంకా అక్కడే ఉన్నాయి. కార్డులు ఒక్కొక్కటిగా చదివారు. స్నెజానా. వెనియమీన్ పెత్రోవిచ్. నీలం దారం దగ్గరికొచ్చేసరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఆవిడా? ఆవిడ రాలేదని రాశారే."

"నాకేం తెలుసండీ. పూలు లెక్కపెట్టి చూడండి."

లెక్కపెట్టారు. శుక్రవారం సంతకం అయింది. శనివారం ఛానెల్‌లో, "జుబారెవాను మార్చిలోనే గుర్తించింది నాలుగో అంతస్తు" అని వచ్చింది. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

అందుకే థియేటర్ యాజమాన్యానికి నా మనవి ఒక్కటే. ఈ నిపుణులు మనకు వరం, వాళ్లను ఏమీ అనకండి. ప్రింటర్‌లో ఇంకు మాత్రం నింపించకండి.

మరుసటి వారం హంసల ప్రదర్శన. రిమ్మా ల్వోవ్నా తన సీట్లోకి వచ్చారు. నా దగ్గర ఆగి, గొంతు తగ్గించారు.

"నేను ఆ రోజు కార్డు పెట్టలేదే?"

"పడిపోయిందండీ. దొరికింది."

చాలాసేపు నన్నే చూశారు, బడిలో జవాబు కాపీ కొట్టిన పిల్లను చూసినట్టు. కూర్చుని బైనాక్యులర్స్ ఎత్తారు. ఎప్పుడూ ఉండే ఎత్తు కాదు. కాస్త పైకి, మొహాలు కనపడే ఎత్తు.

హంసలు వచ్చాయి. కొంతసేపటికి ఆవిడ తల తిప్పకుండానే అడిగారు.

"నాలుగో వరసలో చివరి అమ్మాయి ఎవరు?"

"ఆ వరసకు ప్రోగ్రాంలో పేర్లు వేయరండీ."

"మంచిది" అన్నారు, బైనాక్యులర్స్ దించకుండా.